పొద్దున గట్టి, మధ్యాహ్నం మెత్తన: మంచు కరిగే రోజుల్లో హిమాలయ నడక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండను తప్పించుకోవాలనే నెల్లూరు, ఒంగోలు స్టేషన్లలో బండెక్కి ఢిల్లీ మీదుగా, హిమాలయ నడకలు మొదలయ్యే మనాలికో, కసోల్‌కో, సాంక్రీకో చేరే గుంపులు ఏటా కనిపిస్తున్నాయి. కేదార్‌నాథ్ యాత్రికులైతే చెప్పనక్కర్లేదు. సెలవులు దొరికేవి ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ మూడున్నర వేల మీటర్ల పైన చలికాలపు మంచు కరగడం మొదలై ఊపందుకుంటుంది. మనకు ముదురు వేసవి, ఆ కొండకు మాత్రం చలికాలం పట్టు వదులుతున్న కాలం. పట్టు వదిలే వేళే ప్రమాదం ఎక్కువ.

జనవరిలో మంచు గట్టిగా, పొడిగా ఉంటుంది. చలి కఠినమే అయినా రోజంతా మంచు తీరు కొంతవరకు ఒకేలా సాగుతుంది. మే నెలలో అలా కాదు. తెల్లవారుజామున నాలుగింటికి ఉన్న దారి పదింటికి ఉండదు, పదింటికి ఉన్నది మూడింటికి ఉండదు. మ్యాపులో గీత ఒకటే, కాలి కింద దారి మాత్రం రోజుకు మూడు నాలుగు రకాలుగా మారుతుంది. అందుకే ఈ కాలంలో కండబలం కంటే, ఖరీదైన సామాను కంటే, ఏ గంటకు ఎక్కడ ఉన్నామన్నదే ముఖ్యం.

మంచు అలా ఎందుకు మారుతుందో మన తీరంలో రొయ్యల పని తెలిసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. రొయ్యల మీద పొడిగొట్టిన ఐసు వేసి పెట్టెల్లో సర్దుతారు. ఐసు పూర్తిగా కరిగే వరకు పెట్టె సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. ఒక గ్రాము ఐసు నీరవడానికి 80 క్యాలరీల వేడి కావాలి. అదే వేడితో ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంత వేడిని మింగుతుంది కాబట్టే కొండ మీది మంచు ఒక్క ఎండకు మాయం కాదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతుంది. సగం కరిగిన పొడి ఐసును మళ్లీ చల్లటి గదిలో పెడితే తెల్లారేసరికి రాయిలా అతుక్కుపోతుంది, గునపంతో పొడవాల్సి వస్తుంది. హిమాలయంలో రోజూ జరిగేది ఇదే. పగలు మంచు రేణువులు గుండ్రబడి, ఒక్కోదాని చుట్టూ పలచటి నీటి పొర చేరి, నానిన సగ్గుబియ్యంలా జారుతుంటాయి. రాత్రి ఆ నీరు గడ్డకట్టి రేణువులన్నిటినీ కలిపి అతికిస్తుంది.

రాత్రి అతుకుతుందా లేదా అన్నది థర్మామీటర్ ఒక్కటే చెప్పలేదు. ఆకాశం చూడాలి. మబ్బు లేని రాత్రి మంచు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి ఒకటి రెండు డిగ్రీల వెచ్చన ఉన్నా పైపొర గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి తిరిగి కిందికే వస్తుంది. మేడ మీద పడుకునేవాళ్లకు ఈ సంగతి అనుభవమే: మబ్బు కమ్మిన రాత్రి ఉక్క, నక్షత్రాలు విరిసిన రాత్రి తెల్లారేసరికి దుప్పటి తడి. కాబట్టి గుడారంలో ముసుగుతన్ని పడుకోకుండా రాత్రి ఒకటి రెండుసార్లు తల బయటపెట్టి చూడటం మంచిది. రాత్రంతా మబ్బుంటే మర్నాటి లెక్కే వేరు. తెల్లవారుజామున బయలుదేరినా మంచు మెత్తగానే ఉంటుంది. నిటారు వాలు దాటాల్సిన రోజైతే ఆగిపోవడమే సరైన నిర్ణయం.

'ఎంత తొందరగా బయలుదేరితే అంత మంచిది' అన్న మాట సగమే నిజం. బాగా గడ్డకట్టిన మంచు మీద 30 డిగ్రీల వాలులో మామూలు బూటు జారితే మనిషి ఆగడు. మొదటి రెండు మూడు సెకన్లలో ఆపుకోలేకపోతే ఆ తర్వాత ఆపుకోవడం దాదాపు అసాధ్యం. వాలు ఎటు తిరిగి ఉందన్నది ఇక్కడ లెక్కలోకి వస్తుంది. తూర్పు ముఖం వాలుకు ఉదయాన్నే ఎండ తగిలి ఎనిమిది, తొమ్మిదికల్లా పైపొర మెత్తబడుతుంది. పడమటి వాలు మధ్యాహ్నం దాకా ఆగుతుంది. ఉత్తరపు వాలు పన్నెండింటికి కూడా అద్దంలా ఉండొచ్చు. కనుమ ఎక్కేది ఒక ముఖం మీద, దిగేది మరో ముఖం మీద. ఎక్కేటప్పుడు మెత్తగా, హాయిగా ఉందని మురిసిపోయినవాళ్లు అవతలి వైపు అడుగు పెట్టగానే కంగు తింటారు. పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి కింద గట్టిగా ఉన్న మంచు నడకకు అన్నిటికన్నా అనుకూలం. అది దొరికే వేళ రోజులో రెండు మూడు గంటలే. మొత్తం ప్రణాళికను ఆ గంటల చుట్టూ అల్లుకోవాలి. ఎత్తైన కనుమ ఉన్న రోజు మూడు, నాలుగింటి మధ్య బయలుదేరి, ఎనిమిది, తొమ్మిదికల్లా పైకి చేరి, పదకొండు లోపు మంచు పట్టు దాటి కిందికి దిగేలా చూసుకోవాలి.

గట్టి మంచు ఎక్కేటప్పుడు బూటు ముందుభాగంతో రెండుసార్లు తన్ని మెట్టు చేసుకుని, బరువు పూర్తిగా వేశాకే రెండో కాలు లేపాలి. దిగేటప్పుడు మంచు మెత్తగా ఉంటే మడమతో గట్టిగా పొడుస్తూ, మోకాలు కొంచెం వంచి, ఒంటి బరువు ముందుకు ఉంచాలి. భయంతో వెనక్కి వాలితే బూటు అడుగు పట్టు వదిలి ముందుకు జారుతుంది. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా ఇలాగే. బూట్లకు తొడిగే ముళ్ల గొలుసు, అంటే మైక్రోస్పైక్స్, గట్టి మంచుకే పనికొస్తాయి. పది దాటాక ముళ్ల మధ్య తడి మంచు ముద్దకట్టి ఎత్తుమడమ చెప్పుల్లా తయారవుతుంది, అప్పుడు తీసేయడమే మేలు. సర్ పాస్ లాంటి చోట్ల కనుమ దిగేటప్పుడు కూర్చుని జారుతూ పోవడం అందరికీ సరదా. ముళ్లు తొడుక్కుని మాత్రం ఎప్పుడూ జారకూడదు. ఒక్క ముల్లు మంచులో చిక్కితే ఒళ్లు ముందుకు పోతుంది, చీలమండ అక్కడే ఉండిపోతుంది. జారే ముందు వాలు చివర ఏముందో కంటితో చూడాలి. బండలుంటే, కనపడని అంచు ఉంటే నడిచే దిగాలి.

పొద్దెక్కేకొద్దీ కాళ్లు దిగబడటం మొదలవుతుంది. చీలమండ దాకా దిగితే హెచ్చరిక. పిక్క దాటితే ఆ వాలు మీద ఉండాల్సిన సమయం అయిపోయిందని అర్థం. మోకాలు దాకా దిగబడుతూ ఇంకా నిటారు వాలు మీదే ఉంటే ఆలస్యమైనట్టే, ఎందుకంటే తడిసి బరువెక్కిన మంచు చరియగా విడిపోవడానికి కావాల్సిన పరిస్థితి అదే. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు చక్రాల్లా దొర్లుతూ రావడం కనిపిస్తే ఆ వాలు కిందినుంచి పక్కకు తప్పుకోవాలి. రాళ్ల సంగతీ అంతే. రాత్రి గడ్డకట్టిన నీరే రాళ్లను పట్టి ఉంచుతుంది, ఎండ తగిలాక ఆ పట్టు పోతుంది. రూపిన్ పాస్ కింద ఉన్నటువంటి ఇరుకు మంచు గొందుల్లో ఎండెక్కాక ఆగి ఫొటోలు దిగడం తెలివైన పని కాదు.

మంచులోంచి తేలిన బండ మీద కూర్చుందామని అటు నడవడం అందరికీ వచ్చే ఆలోచన. నల్లరాయి ఎండకు కాగి చుట్టూ ఉన్న మంచును లోలోపల కరిగిస్తుంది. పైకి పొర కనిపిస్తుంది, కింద ఖాళీ. కాలు ఆ సందులోకి దిగి మోకాలు మెలిపడే ప్రమాదాలు తరచూ జరిగేది రాయికి ఒక గజం దూరంలోనే.

ఇక వాగులు. నెల్లూరు, ప్రకాశం కొండలు తిరిగినవాళ్లను వాళ్ల అనుభవమే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. పెంచలకోన దగ్గరో, భైరవకోన దగ్గరో వాన కురిస్తే వాగు పొంగుతుంది, వాన వెలిశాక కాసేపు గట్టున కూర్చుంటే తగ్గుతుంది. కొండవాగు కోపం కొద్దిసేపే అన్న నమ్మకం మనలో అలా నాటుకుంది. మంచు వాగు దీనికి పూర్తిగా తలకిందులు. వాన అక్కర్లేదు. ఆకాశం ఎంత నిర్మలంగా ఉంటే అంత పొంగుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఒడ్డుకు చేరి, తగ్గాక దాటుదామని కూర్చున్నవాళ్ల కళ్లముందే అయిదింటికి నీళ్లు ఇంకా పెరుగుతాయి. అక్కడ ఆగడమంటే గంటసేపు ఆగడం కాదు, మర్నాడు తెల్లవారే దాకా ఆగడం.

వసంతంలో మంచు దట్టంగా గడ్డకట్టి ఉంటుంది. ఒక మీటరు మందాన సుమారు 40 నుంచి 50 సెంటీమీటర్ల నీరు దాగి ఉంటుంది. నెల్లూరులో ఏడాదంతా కురిసే వానలో అది సగానికి దగ్గర. ఆ నీరంతా కొన్ని వారాల్లో కిందికి రావాలి. ఎండ ముదిరేది మధ్యాహ్నం, కానీ కరిగిన నీరు మంచు పొరల్లోంచి ఇంకి, రాళ్ల సందుల్లో పాకి, వాగు చేరేసరికి సాయంత్రమవుతుంది. సోమశిలలో గేట్లెత్తిన నీళ్లు నెల్లూరు బ్యారేజీ దగ్గర కనిపించడానికి గంటలు పట్టినట్టే ఇదీ. మంచుకు దగ్గరగా ఉన్న పాయలో పొంగు సాయంత్రం వస్తే, లోయలో చాలా దిగువన అదే పొంగు అర్ధరాత్రి వస్తుంది. ఆ లెక్క తెలియక సాయంత్రం ప్రశాంతంగా కనిపించిన ఒడ్డున, నీటికి రెండడుగుల ఎత్తులో గుడారం వేస్తే రాత్రి తడుస్తుంది. నీళ్లు అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారుజాము నుంచి ఉదయం ఎనిమిది లోపు. మనాలి దగ్గరి హంప్తా పాస్ దారిలో షియాగోరు అనే విడిది దగ్గర చల్లటి నీటిని పొద్దున్నే దాటించడం వెనక కారణం ఇదే. పొద్దున్నే చలిలో నీళ్లలో దించుతున్నారని గైడును తిట్టుకోవడం అన్యాయం.

దాటేటప్పుడు ఇరుకైన చోటు ఎంచుకోవడం మామూలు పొరపాటు. ఇరుకుగా ఉన్నచోట నీరు లోతుగా, వేగంగా ఉంటుంది. వాగు వెడల్పై రెండు మూడు పాయలుగా చీలిన చోట లోతు తక్కువ. నీటి వేగం రెండింతలైతే ఒంటి మీద తోపు నాలుగింతలవుతుంది. అందుకే వేగంగా పారే నీళ్లలో మోకాలు లోతు దాటితే దిగకూడదన్నది మంచి నియమం. సంచి నడుము బెల్టు, ఛాతీ బెల్టు విప్పి దిగాలి. పడిపోతే సంచిని వదిలించుకోగలగాలి, లేకపోతే అదే ముంచుతుంది. ముఖం ఎగువకు, కర్ర ఎగువ వైపు ఆనించి, ఒక్కో కాలూ పక్కకు జరుపుతూ పోవాలి. కర్ర, రెండు కాళ్లు కలిపి మూడింటిలో ఎప్పుడూ రెండు నేలను తాకి ఉండాలి. వట్టికాళ్లతో దిగితే సున్నాకు దగ్గరగా ఉన్న నీళ్లలో ఒకటి రెండు నిమిషాలకే పాదాలు మొద్దుబారి రాయి ఏదో సందు ఏదో తెలియదు. పాత చెప్పులైనా, వెనక పట్టీ ఉన్నవి, తొడుక్కునే దిగాలి. నీరు పాలలా తెల్లగా ఉంటే అది హిమానీనదం అరగదీసిన రాతిపొడి, అడుగు కనిపించదు. అలాంటప్పుడు కర్రతో పొడిచి చూడకుండా అడుగు వేయకూడదు.

వాగు కనిపించకపోవడం కనిపించడం కంటే ప్రమాదం. మే నెలలో చాలా వాగులు మంచు కప్పు కిందే పారుతుంటాయి. కింద నీరు ఒరుసుకుంటూ, వెచ్చటి గాలి తగులుతూ కప్పును లోపలినుంచి తొలుస్తుంటాయి. ఏప్రిల్‌లో గాడిదలు నడిచిన మంచు వంతెన మే చివరకు మనిషిని మోయకపోవచ్చు. చుట్టూ ఉన్నదాని కంటే కొంచెం కుంగిన గీత, బూడిదరంగు తిరిగిన మచ్చ, కింద నీటి గలగల, కర్రతో కొడితే డొల్ల చప్పుడు ఇవన్నీ గుర్తులు. పెన్నలో ఊబి తెలిసినవాళ్లు ఇసుక రంగు చూసి అడుగు వేసినట్టే ఇక్కడా చూపు ముందుండాలి. దాటక తప్పకపోతే పొద్దున్నే, ఒక్కొక్కరుగా, మధ్య దూరం ఉంచి దాటాలి. గుంపుగా నిలబడి ముచ్చట్లు పెట్టే చోటు కాదది.

వాన, మంచు కలిస్తే లెక్కలన్నీ తారుమారు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదార్‌నాథ్‌లో జరిగింది అదే తరహా విపత్తు. కరుగుతున్న మంచు మీద ఎడతెగని వాన పడింది, గుడికి ఎగువనున్న చోరాబరీ సరస్సు గట్టు తెగింది. తర్వాత గౌరీకుండ్ నుంచి పైకి పోయే దారిని చాలామటుకు కొత్తగా వేశారు. గుడి తలుపులు తెరిచే రోజుల్లో భైరవ్ గదేరా, కుబేర్ గదేరా అనే కొండపాయల దగ్గర పైనుంచి జారిన మంచును కోసి దారి చేస్తారు. రెండు పక్కలా మంచు గోడల మధ్య నడవడం యాత్రికులకు వింత. అక్కడ ఆగి సెల్ఫీలు తీసుకోకుండా దాటిపోవడమే ఉత్తమం. ఆ మంచు అక్కడికి వచ్చిందే పైనుంచి జారి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో ఎక్కువమంది కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుంటే తొమ్మిది మంది చనిపోయారు. జూన్ నెల అన్న పేరును చూసి స్వెట్టర్ తగ్గించుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన తేదీ ఇది.

సామాను విషయంలో మన ఊరి వాతావరణం చేసే మోసం ఒకటుంది. రెండు మూడేళ్ల కింద కొని అటక మీద పెట్టిన ట్రెక్కింగ్ బూట్లు పైకి కొత్తగానే ఉంటాయి. వాటి అడుగున మెత్తదనం కోసం వేసే పాలీయూరిథేన్ నురగ తీరపు ఉక్కకు, తేమకు లోలోపల చివికిపోతుంది. నడక రెండో రోజు అట్ట ఊడినట్టు సోలు ఊడి చేతికొస్తుంది. ప్రయాణానికి నెల ముందే బూట్లు తీసి, సోలును వేళ్లతో గట్టిగా వంచి, అంచు దగ్గర పగుళ్లున్నాయేమో చూసి, కనీసం 40, 50 కిలోమీటర్లు వాటితో నడిచి చూడాలి. నూలు బట్ట మన ఎండకు దేవుడిచ్చిన వరం, మంచులో పగవాడు. ఒకసారి తడిస్తే ఆరదు, ఒంటి వేడిని పీలుస్తూనే ఉంటుంది. జీన్సు ప్యాంటు, నూలు మేజోళ్లు ఇంట్లోనే వదిలి రావాలి. మూడు జతల ఉన్ని మేజోళ్లలో ఒక జతను పాలిథిన్ సంచిలో కట్టి పడుకునేటప్పటికే ఉంచుకోవాలి. బూటులోకి మంచు దూరకుండా పిక్కకు తొడిగే గైటర్లు పొద్దున పది దాటాక విలువ చూపిస్తాయి.

కళ్ల సంగతి ఇస్కపల్లి ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్లను అడిగినా చెబుతారు. తెల్లటి ఉప్పు మీద పడిన ఎండ కిందినుంచి ముఖాన కొడుతుంది, టోపీ ఆపలేదు. తాజా మంచు అతినీల కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆ కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది. బజారులో దొరికే ఫ్యాషన్ కళ్లద్దాలు చాలవు, పక్కల మూసుకుపోయి, మూడు లేదా నాలుగో కేటగిరీ అని రాసి ఉన్నవి కావాలి. కళ్లకు మంచు దెబ్బ తగిలినట్టు వెంటనే తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, రాత్రి పూట, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. క్రీము గడ్డం కింద, ముక్కు కింద, చెవుల వెనక కూడా రాయాలి.

మంచు లేని జిల్లాలో తయారు కావడం ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఊపిరికి, కాళ్లకు ఉదయగిరి దుర్గం చాలు. సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైన ఉన్న కొండ, శ్రీకృష్ణదేవరాయల సైన్యం ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గానీ పట్టుకోలేకపోయిన కోట. ఎక్కడం కంటే దిగడం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. మంచులో మడమతో పొడుస్తూ దిగేటప్పుడు పనిచేసేది తొడ ముందు కండరమే. ఎక్కేటప్పుడు సంచిలో ఎనిమిది, పది లీటర్ల నీళ్ల సీసాలు మోసి, పైన సగం పారబోసి దిగితే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. పెంచలకోన అడవి అభయారణ్యం కిందికి వస్తుంది కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. ఈ సాధనంతా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి తర్వాత తెల్లవారుజామున తప్ప కొండెక్కితే వడదెబ్బకు మందు వెతుక్కోవాలి. మైపాడు, కొత్తపట్నం బీచుల్లో అలలు తాకని పొడి ఇసుకలో గంటసేపు బూట్లతో నడవడం మెత్తటి మంచుకు దగ్గరి సాధన. కాలు జారి వెనక్కి పోతుంటే చిన్న అడుగులు వేయడం అక్కడే అలవాటవుతుంది.

ఇంత చేసినా ఎత్తుకు మాత్రం ఇక్కడ తయారు కాలేం. నాలుగు వేల మీటర్ల దగ్గర గాలి పీడనం, దాంతోపాటే అందే ఆక్సిజన్, సముద్రతీరంలో ఉన్నదానిలో 60 శాతమే. మూడు వేల మీటర్లు దాటాక ఏ రాత్రికారాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒక విశ్రాంతి రోజు ఉండాలి. తలనొప్పి, వాంతి ఉంటే ఇంకా పైకి పోకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రయినా సరే కిందికి దించాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు ముందుజాగ్రత్తగా డయామాక్స్ మాత్ర వాడాలనుకుంటే బయలుదేరక ముందే డాక్టరును అడగాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ట్రెక్కింగ్ కార్యక్రమం ఎంచుకునేటప్పుడు భోజనం ఏం పెడతారు, గుడారంలో ఎంతమంది అని అడిగినంత శ్రద్ధగా మూడు సంగతులు అడగాలి: కనుమ దాటే రోజు ఎన్నింటికి లేపుతారు, ఎన్నింటికి వెనక్కి తిరగాలని గీత గీసుకున్నారు, మంచి వాతావరణం కోసం ఆగడానికి అదనపు రోజు పెట్టారా. మూడోదానికి 'లేదు' అన్న జవాబే ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే అదనపు రోజంటే అదనపు ఖర్చు. మధ్యాహ్నం పూట పొంగే వాగులోకి దిగినవాళ్లందరూ దుస్సాహసులు కారు. చాలామంది ఢిల్లీలో మర్నాటి రైలుకు రిజర్వేషన్ చేయించుకున్నవాళ్లు. సెలవుల్లో దక్షిణానికి వచ్చే బండ్లలో బెర్తు దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఆ తొందర అర్థమవుతుంది. అందుకే తిరుగు టికెట్‌ను కొండ దిగే తేదీకి కనీసం రెండు రోజుల తర్వాత చేయించుకోవాలి. ఒక రోజు కొండకు, ఒక రోజు దారిలో విరిగిపడే చరియలకు. అవి వాడుకోవాల్సిన అవసరం రాకపోతే ఢిల్లీలో ఎర్రకోట ఎలాగూ ఉంది.